చుక్కాని

చుక్కను చూసి నడిపేది కాబట్టి చుక్కాని అయిందంటే వినడానికి బాగుంటుంది గానీ, నిజం కాదు. పడవ వెనుక దిశ తిప్పే పలకను అరబ్బీలో ‘సుక్కాన్’ అంటారు. సముద్ర వర్తకంతో వచ్చిన ఆ మాటే మన నోట చుక్కాని. దాన్ని పట్టే సుక్కానీని ఇంగ్లీషు ఓడలవాళ్లు ‘సీకనీ’ చేసుకున్నారు. పడవ నడిపే మన సరంగేమో పారశీకం నుంచి వచ్చినవాడు. సంపాదకీయాల్లో ‘చుక్కాని లేని నావ’ అని రాసేవాళ్లు చుక్కాని పనేమిటో చూడటానికి ఒకసారి రామచంద్రపురం నుంచి కోటిపల్లి రేవుకు వెళ్లి రావాలి.

అక్కడ గోదావరి పాయ గౌతమికి అవతల ముక్తేశ్వరం. నీటి వడి ఉన్నప్పుడు పడవ మూతిని అవతలి రేవుకు సూటిగా పెడితే లాభం లేదు, ఎగువకు తిప్పాలి. పడవ వేగం గంటకు 6 కిలోమీటర్లు, ప్రవాహం 3 అనుకుందాం. మూతి 30 డిగ్రీలు ఎగువకు ఉండాలి; అడ్డంగా సాగేది గంటకు 5.2 కిలోమీటర్లే. సూటిగా పెడితే, కిలోమీటరు వెడల్పు దాటేసరికి అర కిలోమీటరు దిగువన తేలతాం. పడమటి గాలి తోస్తుంటే గాలివాటానికి మరికొంత కలపాలి.

కాగితం మీద ఈ లెక్కలు వేయకుండా సరిచూసుకునే పద్ధతీ ఉంది. అవతలి ఒడ్డున ముందొక స్తంభం, దాని వెనకొక కొబ్బరిచెట్టు ఒకే వరుసలో కనిపిస్తున్నంతసేపూ దారి సరైనదే. చెట్టు స్తంభానికి దిగువగా జరిగిందా, పడవ కొట్టుకుపోతోందన్నమాట.