కానన్ దేవి ఆత్మకథ: పాట, పరువు, పారితోషికాల మధ్య ఒక స్త్రీ పోరాటం

బెంగాలీ, హిందీ సినిమాల తొలి తరం గాయని-నటి కానన్ దేవి (1916–1992) ఆత్మకథ ‘సబారే ఆమి నమి’ 1973లో వెలువడింది. ‘అందరికీ నా నమస్కారం’ అని ఆ పేరుకు అర్థం. ఆమె చెబుతుండగా సంధ్యా సేన్ దాన్ని అక్షరబద్ధం చేశారు. బంధువుల ఇంట్లో చాకిరీ, మధ్యవర్తుల జేబుల్లోకి పోయిన కూలి, సెట్ మీద అనుమతి లేకుండా పెట్టిన ముద్దు, పెళ్లయ్యాక కూడా వదలని చీత్కారం. వీటన్నిటినీ దాటి గ్రామఫోన్ రికార్డులను, సినిమా తెరను ఏలిన స్త్రీ చెప్పుకున్న కథ ఇది.

సినిమా తారల జ్ఞాపకాల్లో సాధారణంగా కనిపించే తళుకుబెళుకులు ఇందులో తక్కువ. ఎవరు ఎంత ఇచ్చారు, ఏ విషయం ముందుగా చెప్పలేదు, ఏ ఒప్పందం ఎక్కడ కట్టిపడేసింది అన్న వివరాలు ఎక్కువ. లైంగిక వేధింపు, వేతన దోపిడీ, సామాజిక వెలి వేర్వేరు కష్టాలు కావనీ, అడిగేవాళ్లు లేని ఆడపిల్లపై ఒకేసారి పడే మూడు దెబ్బలనీ ఈ పుస్తకం చదివితే అర్థమవుతుంది.

ఖరగ్‌పూర్ మీదుగా వెళ్లిన తెలుగు పాట

కానన్ దేవి పుట్టిన హౌరాకు ఖరగ్‌పూర్ సుమారు 115 కిలోమీటర్ల దూరం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కట్టిన ఈ ఊరికి ఉత్తరాంధ్ర నుంచి వేలాది కుటుంబాలు వలస వెళ్లాయి. రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తూ అక్కడే స్థిరపడి, ఇంట్లో తెలుగు, బయట బెంగాలీ, హిందీ మాట్లాడే తరాలు ఏర్పడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ప్రధాన కారణం ఖరగ్‌పూర్ తెలుగువారే.

ఆంధ్ర తీరం నుంచి కలకత్తా వెళ్లే రైలు దారి ఈ ఊరి మీదుగానే సాగుతుంది. తొలినాటి తెలుగు సినిమాకు కూడా అదే దారి. మద్రాసులో స్టూడియోలు స్థిరపడకముందు తెలుగు చిత్రాలు కలకత్తాలో తయారయ్యేవి. సి.పుల్లయ్య దర్శకత్వంలో 1934లో వచ్చిన ‘లవకుశ’ను నిర్మించింది కలకత్తాకు చెందిన ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీయే. 1939లో అదే సంస్థ తీసిన ‘వరవిక్రయం’తో 13 ఏళ్ల భానుమతి తెరకు పరిచయమయ్యారు. అప్పటికి కానన్ ఆ నగరంలో అతి పెద్ద తార. ఈ ఇద్దరు గాయని-నటుల ఆత్మకథలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆనాటి పరిశ్రమ స్వరూపం మరింత తేటపడుతుంది.

పగిలిన ప్లేటు, 5 రూపాయల కూలి

కానన్ చిన్నప్పుడే రతన్ చంద్ర దాస్ చనిపోయారు. ఆమె తండ్రిగా ఎరిగింది ఆయననే. తల్లి రాజబాలకు అప్పులు మిగిలాయి. రతన్ చంద్రకు తన తల్లి పెళ్లాడిన భార్యేనా అన్న లోకుల సందేహాన్ని కానన్ పుస్తకంలో దాచలేదు. తనకు తెలిసింది తల్లి ప్రేమేనని, తాను మనిషినన్న గుర్తింపు చాలని చెప్పి ముందుకు సాగారు. 1970లలో, పద్మశ్రీ అందుకున్న ఒక గౌరవనీయ మహిళ ఇలా రాయడం చిన్న విషయం కాదు.

తల్లీకూతుళ్లు ఒక దూరపు బంధువు ఇంట తలదాచుకున్నారు. ఆశ్రయం పేరుతో ఇద్దరూ ఇంటిచాకిరీ చేయాల్సి వచ్చింది. ఒకరోజు తల్లి చేతిలోంచి ప్లేటు జారి పగిలింది. దానికి ఆమెను అవమానిస్తుంటే చూడలేక, ఆ ఇల్లు వదిలి పోదామని పట్టుబట్టింది చిన్నారి కానన్. పుస్తకంలో ఆమె తీసుకున్న మొదటి నిర్ణయం ఇదే.

1926లో మదన్ థియేటర్స్ తీసిన మూకీ ‘జయదేవ్’లో బాలనటిగా అవకాశం వచ్చింది. రావాల్సింది 25 రూపాయలు, చేతికి అందింది 5. మిగతా సొమ్ము మధ్యలోనే ఆగిపోయింది. అడిగే పెద్ద దిక్కు లేని పిల్ల కాబట్టి ఆ లెక్క ఎవరూ చెప్పలేదు.

చెప్పకుండా తీసిన సన్నివేశం

1931లో వచ్చిన ‘జోర్ బరాత్’ తొలినాటి బెంగాలీ టాకీల్లో ఒకటి. అప్పటికి కానన్‌కు 15 ఏళ్లు. చిత్రీకరణలో హీరో ఉన్నట్టుండి ఆమెను దగ్గరకు లాక్కుని ముద్దు పెట్టుకున్నాడు. అలా చేయాలని దర్శకుడు అతనికి ముందే చెప్పాడు. ఆమెకు మాత్రం చెప్పలేదు. చెబితే ఒప్పుకోదని తెలుసు కాబట్టే దాచారు. ఆ క్షణంలో తనకు కలిగిన అవమానాన్ని, నిస్సహాయతను కానన్ నాలుగు దశాబ్దాల తర్వాత కూడా స్పష్టంగా చెప్పగలిగారు.

ఆమె అభ్యంతరం తెర మీద ముద్దు ఉండాలా వద్దా అన్నది కాదు. తన శరీరానికి సంబంధించిన విషయం తనకు తప్ప అందరికీ తెలిసి ఉండటం గురించి. 1935 నాటి ‘వాసవదత్త’లో శరీర ప్రదర్శన విషయంలోనూ తన ఇష్టానికి విరుద్ధంగా నడిచారని, మోసపోయినట్టు అనిపించిందని ఆమె బాధపడ్డారు. ‘ముందుగా తెలియజేసి తీసుకునే సమ్మతి’ అన్న మాట అప్పటికి ఎవరి వాడుకలోనూ లేదు. ఆ మాట లేకుండానే సమస్య ఏమిటో ఈ పుస్తకం చెప్పింది.

గొంతు ఆమెది, ఒప్పందం కంపెనీది

1930లలో నటి అంటే పాడగలిగిన మనిషి. న్యూ థియేటర్స్ సంస్థ 1935లో ‘భాగ్యచక్ర’తో నేపథ్య గానానికి తెర తీసినా, తారలు తమ పాట తామే పాడుకోవడం చాలాకాలం సాగింది. సినిమా టికెట్టు, గ్రామఫోన్ రికార్డు రెండూ ఒకే గొంతు మీద అమ్ముడయ్యేవి. కానన్ మెగాఫోన్ సంస్థకు రికార్డులిచ్చారు. భీష్మదేవ్ చటర్జీ, కాజీ నజ్రుల్ ఇస్లాం, రాయ్‌చంద్ బొరాల్, పంకజ్ మల్లిక్ వంటివారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. చదువుకునే అవకాశం లేని తనకు ఈ గురువులే బడి అయ్యారన్న కృతజ్ఞత పుస్తకమంతటా కనిపిస్తుంది.

గొంతు తనదైనా దాన్ని ఎక్కడ వాడాలో తేల్చే హక్కు తనది కాదు. 1935లో పి.సి.బారువా ‘దేవదాసు’ తీస్తూ పార్వతి పాత్రకు మొదట కానన్‌నే అడిగారు. రాధా ఫిల్మ్ కంపెనీతో ఉన్న ఒప్పందం వల్ల ఆమె వెళ్లలేకపోయారు. ఆ పాత్ర జమునా బారువాకు దక్కింది.

ఒప్పందం ముగిశాక న్యూ థియేటర్స్‌లో చేరడంతో దశ తిరిగింది. బారువా తీసిన ‘ముక్తి’ (1937)లో రవీంద్ర సంగీతం పాడారు. దేవకీ బోస్ ‘విద్యాపతి’ (1937) ఆమెను దేశమంతటా తెలిసిన తారను చేసింది. కె.ఎల్.సైగల్‌తో నటించిన ‘స్ట్రీట్ సింగర్’ (1938) కథ వీధిలో పాడుకునే ఇద్దరు అనాథలది. వారిలో అమ్మాయి పెద్ద తార అవుతుంది. తెర మీది కథకూ ఆమె బతుకుకూ పోలిక ప్రేక్షకులకు తెలియనిది కాదు.

1941లో ఆమె న్యూ థియేటర్స్‌ను వదిలి, ఏ సంస్థకూ కట్టుబడకుండా పనిచేయడం మొదలుపెట్టారు. నెలజీతం మీద తారలు స్టూడియోలో ఉద్యోగులుగా ఉండే కాలంలో అది సాహసమే. మరుసటి ఏడాది ‘జవాబ్’ చిత్రంలో కమల్ దాస్‌గుప్తా సంగీతంలో పాడిన ‘తూఫాన్ మెయిల్’ ఆమె పాటల్లోకెల్లా ప్రసిద్ధి పొందింది.

పాటకు చప్పట్లు, పెళ్లికి చీత్కారం

1940 డిసెంబరులో కానన్ అశోక్ మైత్రాను పెళ్లాడారు. ఆయన తండ్రి హేరంబ చంద్ర మైత్రా కలకత్తా సిటీ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన బ్రహ్మసమాజ ప్రముఖుడు. సంస్కరణ మాట్లాడే సమాజమే ఈ పెళ్లిని జీర్ణించుకోలేకపోయింది. దంపతులను ఆశీర్వదిస్తూ చిన్న కానుక పంపినందుకు రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా విమర్శలు ఎదుర్కొన్నారు. ఠాగూర్ పాట ఆమె పాడితే విన్నవారికి, ఆయన ఆమెను దీవించడం మాత్రం తప్పుగా తోచింది.

పెళ్లి తర్వాత ఆమె నటన కొనసాగించడం మీద వివాదం ముదిరింది. కానన్ విడాకులు కోరారు. 1945లో ఆ బంధం ముగిసింది. అయినా పుస్తకంలో మొదటి భర్త మీద కోపం కనిపించదు. తనకు మొదటిసారి సామాజిక గుర్తింపు ఇచ్చింది ఆయనేనని కృతజ్ఞత చెప్పుకున్నారు. ఆ కృతజ్ఞతలోనే ఒక చేదు నిజం ఉంది. దేశమంతా పాటలు పాడుకుంటున్న కళాకారిణికి కూడా గౌరవం ఒక మగవాడి ఇంటిపేరు ద్వారానే రావాల్సి వచ్చింది.

1949లో ఆమె హరిదాస్ భట్టాచార్యను వివాహమాడారు. దాదాపు అదే సమయంలో ‘శ్రీమతి పిక్చర్స్’ స్థాపించి, ‘మేజ్‌దీదీ’ (1950) మొదలు శరత్ చంద్ర కథలతో వరుసగా చిత్రాలు నిర్మించారు. పనిలేని వృద్ధ నటీమణులకు, కష్టాల్లో ఉన్న కళాకారిణులకు సాయం చేసేందుకు ‘మహిళా శిల్పి మహల్’ ఏర్పాటులో ముందు నిలిచారు. తనకు లేని పెద్ద దిక్కును ఇతరులకు ఒక సంస్థ రూపంలో అందించే ప్రయత్నమది. 1968లో పద్మశ్రీ, 1976 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆమెను వరించాయి. 1992 జులై 17న కలకత్తాలో కన్నుమూశారు.

బినోదిని, కానన్, భానుమతి

బెంగాల్‌లో ఈ తరహా రచనకు కానన్ ఆద్యురాలు కాదు. రంగస్థల నటి బినోదిని దాసి ‘ఆమార్ కథా’ 1912లోనే వచ్చింది. నాటకశాల కట్టిస్తానన్న సంపన్నుడి సంరక్షణలో ఉండటానికి సహచరుల ఒత్తిడి మీద ఆమె ఒప్పుకున్నారు. ఆమె పేరు పెడతామన్న ఆ నాటకశాలకు 1883లో ‘స్టార్’ అని పేరు పెట్టారు. కొద్ది ఏళ్లకే, పాతికేళ్లు నిండకుండా, ఆమె రంగస్థలం వదిలేశారు. కలకత్తాలోని నేటి స్టార్ థియేటర్‌కు బినోదిని పేరు పెడుతున్నట్టు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ప్రకటించింది 2024 డిసెంబరులో. మాట నిలబడటానికి 141 ఏళ్లు పట్టింది.

భానుమతి ‘నాలో నేను’ మరో కోణం. సినిమాల్లోకి పంపేటప్పుడు ఆమె తండ్రి వెంకట సుబ్బయ్య నిర్మాతలకు ఒక షరతు పెట్టారు: తన కూతుర్ని మగ నటులెవరూ తాకకూడదు. ఆ షరతును పరిశ్రమ పాటించింది. ‘జోర్ బరాత్’ సెట్ మీద కానన్ వైపు నుంచి అలా చెప్పేవారు లేరు. ఇద్దరూ పాడగలరు, నటించగలరు, తర్వాత ఇద్దరూ నిర్మాతలయ్యారు. తేడా ప్రతిభలో లేదు, వెనుక నిలబడిన కుటుంబంలో ఉంది. ఆడపిల్ల భద్రత ఆమె హక్కుగా కాక తండ్రి షరతుగా మాత్రమే చెల్లుబాటైన రోజులవి.

పుస్తకాన్ని ఎలా చదవాలి?

ఇది ఒకరు చెప్పగా మరొకరు రాసిన పుస్తకం. చెప్పేనాటికి కానన్‌కు 57 ఏళ్లు. సంఘంలో గౌరవం సంపాదించుకున్న గృహిణి, భక్తురాలు. కాబట్టి ఏది చెప్పాలి, ఎంత చెప్పాలి అన్న ఎంపిక ప్రతి పేజీలో ఉంటుంది. అవమానించిన వారికీ కలిపి నమస్కారం పెట్టే శీర్షికను క్షమగా చదవవచ్చు. జరిగిందంతా వివరంగా చెప్పిన తర్వాత పెట్టిన నమస్కారం కాబట్టి, దాన్ని తేల్చేసిన లెక్కగా కూడా చదవవచ్చు. మేఖలా సేన్‌గుప్తా 2015లో ఇంగ్లిషులో రాసిన కానన్ జీవిత చరిత్ర కూడా తోడుంటే నేపథ్యం బాగా తెలుస్తుంది.

హింసించిన వారి నుంచి, పరిశ్రమ నుంచి తమ పేరును తాము దక్కించుకున్న గాయనుల కథలకు ప్రపంచమంతటా పాఠకులున్నారు. భర్త, సంగీత భాగస్వామి అయిన ఐక్ టర్నర్ హింసను అమెరికన్ గాయని టీనా టర్నర్ ‘ఐ, టీనా’ (1986)లో చెప్పారు. కానన్ పుస్తకం దానికన్నా 13 ఏళ్లు ముందుది.

ఇప్పటికీ అవే ప్రశ్నలు

మలయాళ సినిమా పరిశ్రమపై జస్టిస్ హేమ కమిటీ 2019 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. అది 2024 ఆగస్టులో గానీ బయటకు రాలేదు. లైంగిక వేధింపులతో పాటు రాతపూర్వక ఒప్పందాలు లేకపోవడం, ఇస్తామన్న సొమ్ము ఇవ్వకపోవడం, ముందు చెప్పని సన్నివేశాలు చేయమని ఒత్తిడి చేయడం ఆ కమిటీ గుర్తించిన సమస్యలు. 1926లో ఆగిపోయిన సొమ్ము, 1931లో ముందు చెప్పకుండా తీసిన ముద్దు ఈ జాబితాలో సులువుగా ఇమిడిపోతాయి.

తెలుగు పరిశ్రమలోనూ 2018 నాటి నిరసనల తర్వాత తెలంగాణ ప్రభుత్వం 2019లో ఒక కమిటీ వేసింది. దాని ఉపసంఘం నివేదిక 2022లో ప్రభుత్వానికి చేరింది. ఆ నివేదికను బయటపెట్టాలని 2024 ఆగస్టులో నటి సమంత బహిరంగంగా కోరారు. కానన్ దేవి ఏ కమిటీ ముందూ వాంగ్మూలం ఇవ్వలేదు. అప్పట్లో అలాంటివి లేవు. తన వాంగ్మూలాన్ని తానే పుస్తకంగా అచ్చు వేయించి, ఎవరైనా చదువుకునేలా వదిలి వెళ్లారు.