ఘట్టకుటి నుంచి ఫాస్టాగ్ దాకా

సంస్కృతంలో 'ఘట్టకుటీ ప్రభాత న్యాయం' అని ఒకటుంది. సుంకం ఎగ్గొడదామని ఒక వర్తకుడు రాత్రికి రాత్రి అడ్డదారిన బయలుదేరాడట. చీకట్లో తిరిగి తిరిగి, తెల్లవారేసరికి సరిగ్గా సుంకరి గుడిసె ముందే తేలాడట. తెలుగులో 'సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు' అనే సామెత ఉంది. తప్పించుకోనూ లేం, మొరపెట్టుకోనూ లేం. బాటసారుల అనుభవమంతా ఈ రెండు మాటల్లో ఇమిడిపోయింది.

విజయనగర కాలపు శాసనాలలో స్థలాదాయం, మార్గాదాయం, మామూలాదాయం అని మూడు రకాల సుంకాలు కనిపిస్తాయి. సరుకు అమ్మే చోట కట్టేది మొదటిది, దారిన పోతున్నందుకు కట్టేది రెండోది, విదేశాలకు పంపే సరుకు మీద కట్టేది మూడోది. అచ్యుతరాయల కాలంలో అక్కడున్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిన వివరం మరీ ఆసక్తికరం. నాగలాపురం ద్వారం ఒక్కదాన్నే ఏడాదికి 12,000 వరహాలకు గుత్తకు ఇచ్చేవారట. గుత్తదారు అడిగినంతా ఇవ్వనిదే ఊరివాడైనా పరాయివాడైనా లోపలికి పోలేడు. రోజుకు 2,000 ఎద్దులు సరుకు మోసుకొచ్చేవని, కొమ్ముల్లేని బోడి ఎద్దులకు మాత్రం రాజ్యంలో ఎక్కడా సుంకం లేదని కూడా రాశాడు. మినహాయింపుల జాబితా అప్పుడే మొదలైందన్నమాట!

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ డబ్బు వసూలు చేసింది దారి వేసినందుకు కాదు, గేటు చేతిలో ఉన్నందుకు. కంపెనీ పాలనలోనూ ఈ దారి సుంకాలు చాలాకాలం సాగాయి. మద్రాసు రాజధానిలో 1844లో రద్దయ్యాయి. తరువాత వచ్చిన 1851 టోళ్ళ చట్టం, ప్రభుత్వ ఖర్చుతో వేసిన లేదా బాగుచేసిన రోడ్ల మీద, వంతెనల మీద టోలు వేయడానికి అధికారం ఇచ్చింది. సుంకానికి రోడ్డుతో ముడిపెట్టడం చిన్న మార్పేమీ కాదు. నేను కట్టే డబ్బుకు బదులేమిటని అడగడానికి ఒక ఆధారం దొరికింది.

ఇప్పుడు హైదరాబాదు నుంచి విజయవాడ వెళితే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు అని మూడు ఘట్టకుటులు తగులుతాయి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. అద్దానికి అతికించే ఆ బిళ్ళలో బ్యాటరీ ఉండదు. గేటు దగ్గరి యంత్రం పంపే రేడియో తరంగాల శక్తితోనే మేలుకుని తన సంఖ్య చెబుతుంది. ఆ సంఖ్యకు ముడిపడిన ఖాతాలోంచి సొమ్ము తరలిపోతుంది. సుంకరితో మాట్లాడే పనే లేదు!

వసూలు విధానం మారింది గాని గుత్త పోలేదు. 158 కిలోమీటర్ల హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద టోలు వసూలు హక్కును 2023లో 30 ఏళ్ళకు, 7,380 కోట్ల రూపాయలకు ఒక సంస్థకు ఇచ్చారు. నూనిజ్ చూస్తే వెంటనే గుర్తుపట్టేవాడు. ఆ సంస్థ రోడ్డు నిర్వహణ కూడా చూడాలన్నది అప్పటికీ ఇప్పటికీ ఉన్న తేడా. జాతీయ రహదారుల 2008 నిబంధనలలో, ప్రభుత్వ ధనంతో వేసిన రోడ్డుకు పెట్టుబడి తిరిగి రాగానే రుసుము 40 శాతానికి తగ్గాలని రాసుకున్నారు. 2023లో ఆ తగ్గింపును తీసేశారు.

ఇది మన దేశపు వింతేమీ కాదు. సిడ్నీ హార్బర్ వంతెన 1932లో తెరిచినప్పుడు కారుకు ఆరు పెన్నీలు, గుర్రపు రౌతుకు మూడు పెన్నీలు. కట్టడానికి చేసిన అప్పు 1988లో తీరిపోయింది, టోలు మాత్రం నేటికీ ఉంది.

మేముండే పియారా వాటర్స్ నుంచి పెర్త్‌కు గాని ఫ్రీమాంటిల్‌కు గాని వెళ్ళడానికి టోలు లేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోనే టోలు రోడ్డు లేదు. అంతమాత్రాన ఊరికే తిరుగుతున్నామని కాదు, పెట్రోలు మీద ఎక్సైజు, ఏటా వాహన లైసెన్సు రుసుము కడుతూనే ఉన్నాం. మా దగ్గరి రో హైవేను పొడిగించి ఫ్రీమాంటిల్ రేవు వైపు తీసుకువెళ్ళే పెర్త్ ఫ్రైట్ లింక్ పథకాన్ని 2014లో ప్రకటించినప్పుడు, భారీ లారీల మీద రుసుము వేయాలనుకున్నారు. 2017 ఎన్నికల్లో ప్రభుత్వం మారి, పథకమే ఆగిపోయింది. ఇక్కడ గేటు రాకముందే దాని గురించి జనం వాదించుకోగలిగారు.

రోడ్డుకు డబ్బు కావాలి, వాడుకునేవాడు కొంత ఇవ్వడం న్యాయమే. కాని దేనికి, ఎవరికి, ఎంతకాలం అన్న మూడు ప్రశ్నలకు గేటు దగ్గరే జవాబు కనబడాలి. లేకపోతే మనం కడుతున్నది మళ్ళీ ఆ నాగలాపురం ద్వారపు సుంకమే.