బందెలదొడ్డి నుంచి జంతు ఆశ్రయం దాకా: గోడ, లెక్క, బాధ్యత – ఖానాపూర్ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు ప్రాంతాల్లో జంతువులకు నీడ కల్పించిన వ్యవస్థలు కాలానుగుణంగా మారుతూ వచ్చాయి. కొట్టం, దొడ్డి, బందెలదొడ్డి, గోశాల, ఆధునిక జంతు ఆశ్రయం అన్నవి ఆ మార్పును సూచించే పదాలు. ఈ నిర్మాణాలు ఎవరి ప్రయోజనం కోసం ఏర్పడ్డాయో పరిశీలించి, నిర్మల్ జిల్లా ఖానాపూర్ వంటి చిన్న పట్టణంలో నేడు కట్టదగిన ఆశ్రయానికి ఆ చరిత్ర ఏ పాఠం చెబుతుందో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కొట్టం, బందెలదొడ్డి, పింజ్రాపోల్, జంతు ఆశ్రయం, ఖానాపూర్.

1. ఉపోద్ఘాతం:
ఖానాపూర్ ప్రాంతానికి ఒకవైపు గోదావరి, మరోవైపు కవ్వాల్ అడవి ఉన్నాయి. 19వ శతాబ్ది చివర నిర్మించిన సదర్‌మాట్ ఆనకట్ట నీటితో ఇక్కడ వరి పండుతుంది. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. 2018లో ఖానాపూర్ పురపాలక సంఘంగా మారింది. పొలం, అడవి, పట్టణం మూడూ కలిసే ఇటువంటి చోట విడిచిన పశువు పైరులోకీ రోడ్డుమీదికీ వస్తుంది. వీధికుక్క పట్టణంలోనూ అడవి అంచునా తిరుగుతుంది.

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి చోట్ల నుంచి వీధికుక్కలను, రహదారుల మీది పశువులను ఆశ్రయాలకు తరలించాలని ఆదేశించింది. దాంతో జంతు ఆశ్రయం మహానగరాల సమస్యగా మాత్రమే మిగలలేదు. ఆశ్రయం కట్టాలా వద్దా అన్న చర్చకు ముందు, ఇంతకుముందు మనం ఏం కట్టామో తెలుసుకోవడం అవసరం.

2. పదాల్లో నిలిచిన చరిత్ర:
తెలంగాణ పల్లెల్లో పశువు ఉండే చోటు కొట్టం. అది ఇంటిని ఆనుకొని గాని, వాకిట్లో గాని ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్లు కుడితిగా పశువుకు చేరతాయి. పేడ పెంటకుప్పగా మారి పొలానికి పోతుంది. పొలాల అమావాస్యనాడు ఎద్దులను కడిగి, అలంకరించి, మొక్కే ఆచారం ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలో నేటికీ ఉన్నది. కొట్టంలో పశువు బాగోగులు చూసేవారు, దాని వల్ల బతికేవారు ఒక్కరే. అందువల్ల ఆశ్రయం అనే ప్రత్యేక సంస్థ అవసరం అక్కడ కలగలేదు.

దొడ్డి సామూహికమైనది. మందను రాత్రిపూట తోలి కాపాడే ఆవరణ అది. జోగులాంబ గద్వాల జిల్లాలోని కాలూరు తిమ్మన్‌దొడ్డి వంటి ఊరిపేర్లలో ఆ మాట నిలిచి ఉన్నది. ఇదే పదానికి నిర్బంధాన్ని సూచించే 'బందె' చేరగానే అర్థం తలకిందులైంది. దొడ్డి మృగాల నుంచి పశువును కాపాడితే, బందెలదొడ్డి పశువు నుంచి పైరును కాపాడింది. తెలంగాణలో దీన్నే బంజరుదొడ్డి అని కూడా అంటారు.

3. శాసనాల సాక్ష్యం:
మనుషులను, జంతువులను కలిపి ఆలోచించడం ఈ నేలకు కొత్త కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోకుని శాసనాల్లో రెండవ శిలాశాసనం మనుషుల వైద్యాన్ని, పశువుల వైద్యాన్ని జంటగా పేర్కొన్నది. ఓషధులు నాటించడం, బావులు తవ్వించడం, దారుల వెంట చెట్లు పెంచడం ఈ ఇద్దరి కోసమేనని చెప్పింది. అది క్రీ.పూ. 3వ శతాబ్ది నాటి మాట.

మధ్యయుగ దేవాలయ శాసనాల్లో మరో ధోరణి కనిపిస్తుంది. అఖండదీపానికి నెయ్యి అందేందుకు దాతలు ఆవులను, గొర్రెలను దానం చేసి, వాటిని పోషకులకు అప్పగించేవారు. ఎన్ని జీవాలు ఇచ్చారు, ఎవరికి అప్పగించారు, ఎంత నెయ్యి పోయాలి అన్న వివరాలను శిలపై చెక్కించేవారు. ఇక్కడ జీవం ధర్మకార్యానికి మూలధనం. ఆ మూలధనానికి లెక్క తప్పనిసరి అయింది.

4. బందెలదొడ్డి: శిక్షలో దాగిన బాధ్యత:
బ్రిటిష్ ఇండియాలో 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం బందెలదొడ్డికి స్పష్టమైన రూపం ఇచ్చింది. నిజాం రాజ్యం ఆ పాలన పరిధిలో లేకపోయినా, ఈ వ్యవస్థ స్వరూపాన్ని అర్థం చేసుకోవడానికి ఆ చట్టం ఉపకరిస్తుంది. పైరులో పడిన పశువును రైతు పట్టుకొని 24 గంటల్లోగా దొడ్డికి పంపాలి. పశువు రకాన్ని బట్టి జరిమానా ఉంటుంది. ఏనుగు, ఒంటె, గేదె, గుర్రం, ఆవు, గాడిద, పంది, గొర్రె, మేక ఆ చట్టపు జాబితాలో ఉన్నాయి.

ఈ చట్టం లక్ష్యం పశుసంక్షేమం కాదు. అయినా అందులో గమనించదగిన నాలుగు అంశాలున్నాయి. మొదటిది నమోదు: పశువుల సంఖ్య, ఆనవాళ్లు, తెచ్చిన రోజు, గంట రాసుకొని, తెచ్చినవారికి నకలు ఇవ్వాలి. రెండవది పోషణ: విడిచేదాకా మేత పెట్టే బాధ్యత దొడ్డి అధికారిది. మూడవది గడువు: 7 రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీసుస్టేషనుకు తెలియజేయాలి, ప్రకటన తరువాత మరో 7 రోజులు చూసి వేలం వేయాలి. నాలుగవది ఫిర్యాదు హక్కు: అక్రమంగా పట్టుకున్నారనుకుంటే యజమాని 10 రోజుల్లోగా మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

ఈ రక్షణలన్నీ యజమాని ఆస్తిహక్కు నుంచి పుట్టాయి. ఆ జాబితాలో కుక్క లేదు. యజమాని లేని జంతువు తరఫున లెక్క అడిగే గొంతు ఈ చట్టంలో లేదు.

5. దిక్కులేని జంతువుకు నీడ:
ఆ ఖాళీని మొదట దాతృత్వం పూరించింది. 1832లో బొంబాయిలో వీధికుక్కలను చంపించడంపై పార్సీలు తిరగబడ్డారు. 1834లో అక్కడ పింజ్రాపోల్ వెలిసింది. లండన్‌లో 1860లో మేరీ టీల్బీ వీధికుక్కల కోసం స్థాపించిన గృహం 1871లో బాటర్‌సీకి మారి నేటికీ ఆ పేరుతోనే ప్రసిద్ధం. స్వతంత్ర భారతంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1962లో ఏర్పడిన భారత జంతు సంక్షేమ మండలి ఈ కృషికి చట్టబద్ధత ఇచ్చాయి. తెలుగు నగరాల్లో 1992లో అక్కినేని అమల హైదరాబాదులో ప్రారంభించిన బ్లూక్రాస్, 1996లో ఏర్పడిన విశాఖ జంతుహింస నివారణ సంఘం ఈ దారిలో ముఖ్యమైనవి.

పింజ్రాపోల్, గోశాలల బలం కరుణ. జంతువు చనిపోయేదాకా అక్కడే ఉండటం వాటి ఆదర్శం. అయితే వచ్చే జీవాలు ఆగవు, బయటికి పోయే దారి ఉండదు, దానాలు మాత్రం పరిమితం. అలాంటప్పుడు కరుణతో కట్టిన చోటే కిక్కిరిసి రోగాలకు నిలయం కాగలదు.

2001 నాటి కుక్కల జనన నియంత్రణ నిబంధనలు, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలు వేరొక మార్గం చూపాయి. కుక్కను పట్టి, శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే విడవాలి. ఇక్కడ ఆశ్రయం నివాసం కాదు, మజిలీ. కాని మరోపక్క విషాదమూ ఉంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు మరణించాడు. ఆ బిడ్డ పక్షాన నిలవలేని జంతుప్రేమ సమాజంలో నిలబడదు. భయంతో కట్టిన గోడ కూడా బిడ్డలను కాపాడలేదు. పట్టిన కుక్కకు టీకా వేశారా, ఎక్కడ విడిచారు అన్న లెక్క లేకపోతే వీధి ఎప్పటిలాగే ఉంటుంది.

6. ఖానాపూర్‌కు తగిన నిర్మాణం:
పై చరిత్ర ఆధారంగా కొన్ని నిర్మాణ సూత్రాలను ప్రతిపాదించవచ్చు.

6.1 వాతావరణం: వేసవిలో ఎండ 45 డిగ్రీలకు చేరే, చలికాలంలో 10 డిగ్రీల లోపుకు దిగే ప్రాంతమిది. తూర్పుపడమరలుగా సాగే పొడవాటి కప్పు, ఎత్తైన పైభాగం, గాలి ఆడే పక్కలు, నీరు నిలవని వాలు నేల అవసరం. కొట్టం కట్టిన పనివారికి ఈ తెలివి ఉంది.

6.2 విభజన: పశువులకు, కుక్కలకు వేర్వేరు ఆవరణలుండాలి. కొత్తగా వచ్చినవాటిని, రోగంతో ఉన్నవాటిని మిగతావాటితో కలపరాదు. మనిషిని కరిచిన కుక్కను 10 రోజులు పరిశీలించే గది విడిగా ఉండాలి. ఒక్కో కుక్కకు రెండు అరలున్న గది ఉంటే, ఒక అర కడిగేటప్పుడు అది రెండో అరలో ఉంటుంది; పనివారికి ప్రమాదం, కుక్కకు బెదురు రెండూ తగ్గుతాయి.

6.3 మనుషులు: పనివారికి రేబిస్ ముందస్తు టీకాలు, స్నానపు గది, విశ్రాంతి చోటు నక్షాలోనే ఉండాలి. పశువును వెతుక్కుంటూ వచ్చే రైతుకు, కుక్కను పెంచుకోవాలని వచ్చే కుటుంబానికి, కాటు గురించి చెప్పుకోవడానికి వచ్చే తల్లికి ఒక ముంగిలి కావాలి.

6.4 అడవి: 2018లో గిర్ అడవిలో సింహాల మరణాలకు కుక్కల్లో సాధారణమైన డిస్టెంపర్ వైరస్ ఒక కారణంగా తేలింది. కవ్వాల్ అంచున ఉన్న పట్టణంలో కుక్కకు వేసే టీకా మనుషులకే కాదు, అడవి జంతువులకూ రక్షణ.

6.5 లెక్క: ఎన్ని గదులున్నాయో అన్ని జీవాలనే తీసుకోవాలి. ఏది ఎప్పుడు వచ్చింది, ఏ చికిత్స పొందింది, ఎలా బయటికి వెళ్లింది అన్న పుస్తకం ఎవరైనా చూడగలిగేలా ఉండాలి.

7. ఉపసంహారం:
కొట్టం పశువును ఇంటిలో భాగం చేసింది. బందెలదొడ్డి దాన్ని నేరస్థురాలిని చేసినా, దాని లెక్క రాసింది. పింజ్రాపోల్ దాన్ని కరుణించినా, దాని నిష్క్రమణను ఊహించలేదు. నేడు తొందరపాటుతో కట్టే ఆశ్రయం ఈ మూడింటిలోని లోపాలను మాత్రమే వారసత్వంగా తీసుకొనే ప్రమాదం ఉన్నది. అప్పుడది నకలు కాగితం గాని, గడువు గాని, అడిగే యజమాని గాని లేని కొత్త బందెలదొడ్డి అవుతుంది. కొట్టం నుంచి సాన్నిహిత్యాన్ని, పింజ్రాపోల్ నుంచి కరుణను, బందెలదొడ్డి నుంచి గోడను కాక నమోదు పుస్తకాన్ని స్వీకరించాలి. యజమాని లేని జంతువుకు ఆ పుస్తకమే సాక్షి. ఆ సాక్ష్యాన్ని చదివి ప్రశ్నించవలసిన బాధ్యత ఊరిది.