వంటింట్లో పుట్టిన హెడ్‌ఫోన్, మన చేతుల్లో రిపేర్

ఇవాళ్టి ముచ్చట బల్కంపేట నుంచి. ఎల్లమ్మ గుడి దగ్గర్నుంచి అమీర్‌పేట మైత్రీవనం వైపు నడిచి చూడండి. కోచింగ్‌కి పోయే పిల్లల్లో చాలామంది చెవుల్లో ఇయర్‌ఫోన్లే. చుట్టూ ఆటోల హారన్లు. మాట సరిగ్గా వినబడదు, వాల్యూమ్ పెంచేస్తాం. ప్రాబ్లమ్ అక్కడే మొదలు. దీని వెనక వందేళ్ల కథ ఉంది.

1910లో అమెరికాలోని యూటాలో నథానియల్ బాల్డ్‌విన్ అనే ఆయన హెడ్‌ఫోన్లు తయారుచేసి అక్కడి నేవీకి పంపాడు. వాళ్లకి నచ్చాయి, ఇంకా కావాలన్నారు. కానీ ఒక్కసారికి పది కంటే ఎక్కువ ఆర్డర్ తీసుకోలేకపోయాడు. ఎందుకంటే ఆయన ఫ్యాక్టరీ సొంత వంటిల్లే!

తర్వాత 1920ల్లో క్రిస్టల్ రేడియోలు. బ్యాటరీ లేదు, ఆంప్లిఫయర్ లేదు. సౌండ్ ఎంత సన్నగా వచ్చేదంటే, హెడ్‌ఫోన్ లేకపోతే వినబడదు. ఇంట్లో అందరూ వినాలంటే? హెడ్‌ఫోన్‌ని గిన్నెలో పెట్టేవాళ్లు. మనం ఫోన్‌ని స్టీల్ గ్లాసులో పెడతాం కదా, సేమ్ ట్రిక్!

మన హైదరాబాద్‌లో 1930ల్లో డెక్కన్ రేడియో వచ్చింది, 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. అప్పటికే స్పీకర్ ఉన్న రేడియోలు వచ్చేశాయి. హెడ్‌ఫోన్‌ని మళ్లీ పాటల దగ్గరికి తెచ్చింది 1958లో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్. 1979లో సోనీ వాక్‌మన్ దాన్ని రోడ్డు మీదికి తెచ్చింది.

ఇప్పుడు మన పని. బేస్ రావాలంటే స్పీకర్‌కీ చెవికీ మధ్య గాలి బయటికి లీక్ కాకూడదు. అందుకే కుషన్ చిరిగితే బేస్ పోతుంది. మనమేమో స్పీకర్ పోయిందనుకుని కొత్తది కొనేస్తాం. కొనేముందు ఒక టెస్ట్ చేయండి. పాట పెట్టి, రెండు కప్పుల్నీ చేతులతో మెల్లగా చెవులకి అదమండి. బేస్ పెరిగిందా? అయితే తప్పు కుషన్‌దే. అది మారిస్తే చాలు. ఇయర్‌ఫోన్ అయితే రబ్బరు టిప్ సైజు మార్చి చూడండి.

సౌండ్ డబ్బాలోంచి వచ్చినట్టుంటే, వైరు హెడ్‌ఫోన్ కప్పు లోపల స్పీకర్ వెనక పల్చగా దూది పెట్టొచ్చు. ముందు ఒక వైపే చేసి, అదే పాటతో రెండో వైపుతో పోల్చండి. నచ్చకపోతే తీసేయండి. బ్లూటూత్‌వి మాత్రం విప్పొద్దు, లోపల బ్యాటరీ ఉంటుంది.

ఇదంతా బేస్ కోసమేనా? కాదు. సీల్ సరిగ్గా కుదిరితే బయటి గోల తగ్గుతుంది, తక్కువ వాల్యూమ్ సరిపోతుంది. పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాల్యూమ్ పెరిగేకొద్దీ ఆ టైమ్ గబగబా తగ్గిపోతుంది.

క్రిస్టల్ రేడియో రోజుల్లో సౌండ్ చాలక తిప్పలు, మనకి ఎక్కువై తిప్పలు. హెడ్‌ఫోన్ పాడైతే బాగుచేసుకోవచ్చు. చెవి పాడైతే కుషన్ మార్చినట్టు మార్చలేం కదా! ఇంకో కథతో మళ్లీ కలుద్దాం. ఉంటాను మరి!