ఉచిత తరగతికి రెండు మూలాలు: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో ఆంగ్ల ప్రావీణ్య పరీక్షాశిక్షణ చరిత్ర

వ్యాససంగ్రహం

హైదరాబాదు తూర్పు ప్రాంతంలో ఐఈఎల్‌టీఎస్ వంటి ఆంగ్ల ప్రావీణ్య పరీక్షలకు లభిస్తున్న ఉచిత ఆన్‌లైన్ తరగతులకు రెండు వేర్వేరు మూలాలున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఒకటి కోచింగ్ కేంద్రాల ‘డెమో క్లాసు’. రెండోది దూరవిద్య, విద్యాప్రసారాల ద్వారా వచ్చిన ప్రజావిద్యా సంప్రదాయం. పరీక్షలోని నాలుగు విభాగాల్లో ‘ఉచితం’ ఎంతవరకు వచ్చి ఎక్కడ ఆగిందో, ఆ బోధనలో తెలుగు ఏ స్థానం పొందిందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఐఈఎల్‌టీఎస్, డెమో క్లాసు, దూరవిద్య, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, బోధనామాధ్యమం.

1. ఉపోద్ఘాతం

ఇంగ్లీషువారు తెలుగు పరీక్షకు చదివిన కాలం ఒకటుంది. మద్రాసులో 1812లో ఏర్పడిన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల, ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరిన యువకులకు దేశభాషలు నేర్పి పరీక్షలు పెట్టేది. ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం 1816లో వెలువడింది ఆ విద్యార్థుల అవసరాన్ని దృష్టిలో పెట్టుకొనే. 1817లో మద్రాసు చేరిన సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చుకొన్నది కూడా ఆ వ్యవస్థలోనే. పాఠం చెప్పినవారు తెలుగు పండితులు. చదివినవారు కంపెనీ జీతం తీసుకొంటూ చదివారు. ప్రావీణ్యం కనబరిస్తే వారి భత్యం పెరిగేది.

రెండు శతాబ్దాల తర్వాత దిశ మారింది. ఇప్పుడు తెలుగు యువతీయువకులు ఇంగ్లీషు పరీక్షకు చదువుతున్నారు. శిక్షణకయ్యే ఖర్చు, పరీక్ష రుసుము, కోరిన బ్యాండ్ రాకపోతే మళ్లీ అదే రుసుము, అన్నీ అభ్యర్థి కుటుంబమే భరించాలి. ఇటీవలి సంవత్సరాల్లో ఐఈఎల్‌టీఎస్ రుసుము పదిహేడు వేల రూపాయల ప్రాంతానికి చేరింది. ఫలితం రెండేళ్లే చెల్లుతుంది. శిక్షణా ప్రకటనల్లో ‘ఉచితం’ అనే మాట ఎందుకంత పెద్ద అక్షరాల్లో కనిపిస్తుందో ఈ లెక్కను బట్టి గ్రహించవచ్చు.

2. పరీక్ష, ప్రాంతం

అమెరికా విశ్వవిద్యాలయాల ప్రవేశాల కోసం టోఫెల్ 1964లో మొదలైంది. బ్రిటన్‌లో 1980 నుంచి ఉన్న పరీక్ష స్థానంలో 1989లో ఐఈఎల్‌టీఎస్ వచ్చింది. బ్రిటిష్ కౌన్సిల్, కేంబ్రిడ్జి, ఆస్ట్రేలియాకు చెందిన ఐడీపీ దీనిని ఉమ్మడిగా నడుపుతున్నాయి. వినికిడి, పఠనం, లేఖనం, సంభాషణ అనే నాలుగు విభాగాల్లో సున్నా నుంచి తొమ్మిది వరకు బ్యాండ్లు ఇస్తారు.

హైదరాబాదుకు ఇంగ్లీషు బోధనలో చిన్న చరిత్ర లేదు. ఇంగ్లీషు ఉపాధ్యాయులను తయారుచేయడానికి కేంద్ర ఆంగ్ల సంస్థ 1958లో ఈ నగరంలోనే వెలిసింది. నేటి ఇఫ్లూ దాని రూపాంతరమే. అయితే ఉస్మానియా ప్రాంగణం పక్కనున్న ఆ సంస్థకూ, అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో దిల్‌సుఖ్‌నగర్ మేడమీద గదుల్లో నడిచే శిక్షణకూ మధ్య రాకపోకలు చాలా తక్కువ. ఒకటి భాషాబోధనను శాస్త్రంగా చూసింది. మరొకటి పరీక్షను గడువులోగా దాటవలసిన అడ్డంకిగా చూసింది.

దిల్‌సుఖ్‌నగర్ శిక్షణాకేంద్రంగా ఎదగడానికి ప్రధాన కారణం దారి. విజయవాడ రహదారి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీనగర్ కూడలి చేరుతుంది. అక్కడే నాగార్జునసాగర్ దారి చీలుతుంది. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, కోస్తా జిల్లాల నుంచి వచ్చే బస్సుకు నగరం మొదలయ్యేది ఇక్కడే. బస్సు దిగినచోటే హాస్టలు, హాస్టలు పక్కనే మెస్సు, మెస్సు ఎదుట కోచింగ్ కేంద్రం. లాల్ బహదూర్ శాస్త్రి పేరుతో పెరిగిన ఎల్బీనగర్ ప్రత్యేక పురపాలక సంఘంగా ఉండి 2007లో మహానగరపాలక సంస్థలో కలిసింది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో మార్గం ప్రారంభమై, సాఫ్ట్‌వేర్ కోర్సులకు పేరుపడ్డ అమీర్‌పేటనూ, గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు, బ్యాంకు పరీక్షల శిక్షణకు పేరుపడ్డ దిల్‌సుఖ్‌నగర్‌నూ ఒకే పట్టాల మీదికి తెచ్చింది. చైతన్యపురికీ ఎల్బీనగర్‌కూ నడుమనున్న స్టేషను పేరు విక్టోరియా మెమోరియల్. నిజాం కాలంలో ఆ రాణి స్మృత్యర్థం కట్టిన అనాథాశ్రమం నుంచి వచ్చిన పేరది. ఇంగ్లీషు పరీక్షకు వెళ్లే అభ్యర్థి రోజూ ఆ పేరు వింటూ ప్రయాణించడం చరిత్ర చేసిన చిన్న చమత్కారం.

3. డెమో క్లాసు, కన్సల్టెన్సీ

దిల్‌సుఖ్‌నగర్ శిక్షణా సంస్కృతిలో ఆన్‌లైన్‌కు చాలా ముందే ‘ఉచితం’ ఉంది. కొత్త బ్యాచి మొదలైన తొలి రెండు మూడు రోజులు రుసుము లేకుండా కూర్చోవచ్చు. పాఠం నచ్చితే చేరవచ్చు, లేకుంటే పక్క మేడకు వెళ్లవచ్చు. ఈ ‘డెమో’లో కేంద్రం తన ఉత్తమ అధ్యాపకుణ్ని నిలబెడుతుంది. గోడపత్రికలు, ఆటోల వెనుక అట్టలు, ఆ తర్వాత మెట్రో పిల్లర్ నంబరుతో ఇచ్చే చిరునామాలు దీనికి ప్రచారసాధనాలు. ఆచరణలో ఇది విద్యార్థికి కొంత అధికారం ఇచ్చింది. గురువును పరీక్షించే హక్కు శిష్యుడికి దక్కిన సందర్భాలు మన విద్యాచరిత్రలో తక్కువ.

ఆంగ్ల ప్రావీణ్య పరీక్షల విషయంలో దీనికి మరొక పొర తోడైంది. విదేశీ విద్యా కన్సల్టెన్సీలకు ఆదాయం ప్రధానంగా విదేశీ విశ్వవిద్యాలయాలు ఇచ్చే కమీషన్ నుంచి వస్తుంది. కనుక తమ ద్వారా దరఖాస్తు చేసుకొనే విద్యార్థికి ఐఈఎల్‌టీఎస్ శిక్షణను ‘ఉచితం’గా ఇవ్వడం వారికి గిట్టుబాటవుతుంది. ఈ ఉచితానికి మూల్యం విద్యార్థి జేబులోంచి నేరుగా పోదు, అతని ఎంపికలోంచి పోతుంది. కమీషన్ ఇచ్చే విశ్వవిద్యాలయాలు సలహా జాబితాలో పైకి వస్తాయి, ఇవ్వనివి కిందికి జారుతాయి.

ఈ వ్యాపారం ఆటుపోట్లు ఇక్కడి చేతుల్లో లేవు. బ్రిటన్ 2012లో మూసివేసిన చదువు తర్వాతి పని అనుమతిని 2021 జులైలో కొత్త రూపంలో తెరిచింది. కెనడా 2018లో తెచ్చిన శీఘ్ర విద్యార్థి వీసా పద్ధతి ఐఈఎల్‌టీఎస్ ఆరు బ్యాండ్లను ఒక సంఖ్యామంత్రంగా మార్చింది. 2024 నవంబరు 8న అదే ప్రభుత్వం దానిని రద్దు చేసింది. ఒట్టావాలో, లండన్‌లో వెలువడిన ప్రకటనలు చైతన్యపురిలో బ్యాచిల సంఖ్యను నిర్ణయించాయి.

4. రెండో మూలం: గాలిలో పాఠం

ఉచిత పాఠానికి ప్రజాసంస్థల వైపు నుంచి వేరొక చరిత్ర ఉంది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. కళాశాల ముఖం చూడని ఉద్యోగికీ, గృహిణికీ తెలుగులో రాసిన పాఠ్యపుస్తకంతో పాటు రేడియో పాఠాన్నీ అది చేరవేసింది. యూజీసీ దేశవ్యాప్త తరగతి కార్యక్రమం 1984లో దూరదర్శన్‌లో మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలోని మన టీవీ, తెలంగాణలో 2017లో టీశాట్‌గా కొత్త రూపు దాల్చింది. అదే సంవత్సరం కేంద్రం ‘స్వయం’ వేదికను ప్రారంభించింది. ఈ సంప్రదాయంలో వినేవాడు ఎవరో పాఠం చెప్పేవారికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. చేరమని అడిగే ఫోను రాదు.

ఆంగ్ల ప్రావీణ్య పరీక్ష ఈ ప్రజావిద్యా పరిధిలోకి పెద్దగా రాలేదు. తెలంగాణ ప్రభుత్వం అంబేద్కర్, జ్యోతిబా ఫూలే పేర్లతోనూ, అల్పసంఖ్యాకుల కోసం వేరుగానూ విదేశీ విద్యానిధులు నెలకొల్పి ఒక్కొక్కరికి 20 లక్షల రూపాయల వరకు సాయం చేస్తున్నది. వాటి దరఖాస్తుకు ఆంగ్ల ప్రావీణ్య ఫలితం జతచేయాలి. సాయం అందేది ప్రవేశం, వీసా వచ్చాక. పరీక్ష రాయవలసింది అంతకు ఎన్నో నెలల ముందు. మధ్యనున్న ఈ అగాధాన్ని దాటించే పని విపణి చేతికే వెళ్లింది. ఉచిత తరగతికి నిజమైన అవసరం ఉన్నది సరిగ్గా ఈ చోటునే.

అంతర్జాతీయంగా ఈ లోటును కొంత పూడ్చే ప్రయత్నాలు జరిగాయి. బ్రిటిష్ కౌన్సిల్ 2015లో ఫ్యూచర్‌లెర్న్ వేదికపై ఐఈఎల్‌టీఎస్‌పై ఉచిత కోర్సు పెట్టినప్పుడు లక్షలాది మంది నమోదయ్యారు. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం ఎడెక్స్‌లో మరొకటి తెచ్చింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకైంది. అడ్డంకి ధర నుంచి భాషకు మారింది. ఇంగ్లీషు రానివారికి ఇంగ్లీషు ఎలా నేర్చుకోవాలో ఇంగ్లీషులోనే చెప్పే పాఠం ఎంతవరకు చేరుతుంది?

5. 2020 మార్చి

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైంది. ఆ రోజునే నగరంలోని హాస్టళ్లు ఖాళీ చేయమనడంతో విద్యార్థులు పోలీసు స్టేషన్ల ముందు అనుమతి పత్రాల కోసం బారులు తీరారు. పత్రం చేతబట్టుకొని విజయవాడ దారి పట్టినవారు రాష్ట్ర సరిహద్దు దగ్గర గరికపాడు వద్ద ఆగిపోయారు. వారిని నగరానికి తెచ్చిన రహదారే ఆ రోజు వెనక్కి పంపింది.

గదులు మూతపడ్డాక తరగతి ఫోనులోకి మారింది. డెమో క్లాసుకు ఇక బెంచీల పరిమితి లేదు. ముప్పై మంది పట్టే గది స్థానంలో మూడు వందల మంది చేరగల లింకు వచ్చింది. మెట్రో పిల్లర్ నంబరు అవసరం తప్పింది. దేవరకొండలోనో మిర్యాలగూడలోనో ఇంట్లో ఉన్న అభ్యర్థి హాస్టలు అద్దె, మెస్సు ఖర్చు లేకుండా పాఠం వినగలిగాడు. ఇంటి బయటికి వెళ్లడానికి అనుమతి దొరకని యువతులకు ఇది మొదటిసారి తెరిచిన తలుపు. ఈ మేలును తక్కువ చేసి చూడడం అన్యాయం.

పరీక్షలు కూడా ఇంటికి వచ్చాయి. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ నిర్వాహకులు 2020 వసంతంలోనే ఇంటి నుంచి రాసే రూపాలు తెచ్చారు. డ్యుయోలింగో ఫలితాన్ని అంగీకరించే విశ్వవిద్యాలయాలు పెరిగాయి. వీటికి కంప్యూటర్ కావాలి. పాఠం విన్నది ఫోనులో, పరీక్ష కీబోర్డు మీద. ఈ తేడా ఉచిత తరగతుల ప్రచారపత్రాల్లో ఎక్కడా కనిపించదు.

6. ఉచితం ఆగిన చోటు

వినికిడి, పఠన విభాగాల్లో నలభయ్యేసి ప్రశ్నలుంటాయి. సమాధానాల పట్టిక ఉంటే ఎవరి మార్కులు వారే వేసుకోవచ్చు. ముప్పై సరైనవైతే సుమారు ఏడు బ్యాండ్. ముగ్గురు విన్నా మూడు వేలమంది విన్నా అధ్యాపకుడికి పడే శ్రమ ఒక్కటే. అందుకే ఉచిత తరగతుల్లో ఈ రెండు విభాగాల పాఠాలు పుష్కలంగా దొరుకుతాయి.

లేఖనం, సంభాషణ వేరు. లేఖనంలో గంటలో రెండు రచనలు చేయాలి, ఒకటి కనీసం 150 పదాలు, మరొకటి 250. ఇచ్చిన పనిని నెరవేర్చడం, పొందిక, పదసంపద, వ్యాకరణం అనే నాలుగు కొలతలపై ఒక మనిషి కూర్చొని చదివి అంచనా వేయాలి. ఒక్కో జత రచనకు పది నిమిషాలు పట్టిందనుకొన్నా, మూడు వందల మంది విద్యార్థుల రచనలను ఒక్కసారి దిద్దడానికి యాభై గంటలు కావాలి. సంభాషణ పరీక్ష నిడివి 11 నుంచి 14 నిమిషాలు. అదే మూడు వందల మందికి ఒక్కొక్క మాదిరి పరీక్ష పెడితే యాభై అయిదు నుంచి డెబ్బై గంటలవుతుంది. ఈ శ్రమను ఉచితంగా ఎవరూ ఇవ్వలేరు, ఇవ్వలేదు కూడా. జూమ్ ఉచిత ఖాతాతో నడిచే తరగతి నలభై నిమిషాలకే తెగిపోతుంది. అరవై నిమిషాల లేఖన పరీక్షను అందులో ఒక్క ఊపున రాయించడం కూడా సాధ్యం కాదు.

ఫలితంగా లేఖనంలో బోధన స్థానాన్ని ‘టెంప్లేటు’ ఆక్రమించింది. ఏ అంశానికైనా అతికే ఎత్తుగడ, ముగింపు వాక్యాలను కంఠస్థం చేయిస్తారు. కంఠస్థ వాక్యాలను గుర్తించి తక్కువ అంచనా వేయడంలో పరీక్షకులకు శిక్షణ ఉంటుంది. మిగతా మూడింట్లో ఆరున్నర, ఏడు తెచ్చుకొని లేఖనంలో ఐదున్నర దగ్గర ఆగిపోయే అభ్యర్థి ఈ ప్రాంతపు శిక్షకులందరికీ పరిచితుడే. ‘రచన దిద్దే ప్యాకేజీ’ అమ్ముడుపోయేది అతనికే. డెమో క్లాసు పాత తర్కం ఇక్కడ సంపూర్ణంగా పనిచేస్తుంది. అమ్మదలచినదాన్ని మినహాయించి మిగతాదంతా ఉచితం.

7. తెలుగు పాత్ర

ఈ తరగతుల్లో తెలుగు పరిశోధకులు పట్టించుకోవలసిన అంశం మరొకటి ఉంది. ఆఫ్‌లైన్ కేంద్రాలు ‘తరగతిలో ఇంగ్లీషే మాట్లాడాలి’ అని గోడమీద రాసుకొన్నాయి. ఆన్‌లైన్‌లో, ముఖ్యంగా యూట్యూబులో, వివరణభాషగా తెలుగు నిలదొక్కుకొంది. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, వివరణ తెలుగు, సందేహం రోమన్ లిపిలో తెలుగు. ‘బ్యాండ్ కొట్టడం’, ‘స్పీకింగ్ పోయింది’, ‘రైటింగ్ లాగేసింది’ వంటి పలుకుబళ్లు ఈ వాతావరణంలో వాడుకలో ఉన్నాయి.

సమర్థుడైన అధ్యాపకుడి చేతిలో తెలుగు అనువాద సాధనానికి మించి ఉపయోగపడుతుంది. తెలుగు అజంత భాష కావడంతో ‘బస్సు’, ‘రోడ్డు’ అలవాటైన నోరు హలంత పదాల చివర అచ్చును చేరుస్తుంది. తెలుగులో ‘చదివి, రాసి, పంపించాడు’ అని క్త్వార్థకాల గొలుసుతో ఒకే వాక్యం సహజంగా నడుస్తుంది. అదే ఇంగ్లీషులోకి దిగితే ‘అండ్’ల వరుసగా మారి పొందిక కొలతలో దెబ్బతింటుంది. ఉపపదాలు లేని భాష నుంచి వచ్చిన విద్యార్థికి వాటి లోపం చెవికి తగలదు. ఈ మూడు సంగతులు తెలుగు వ్యాకరణం తెలిసినవారు పదిహేను నిమిషాల్లో చెప్పగలరు. కానీ ఉచిత తరగతుల్లో ఎక్కువగా వినిపించేవి ‘చిట్కాలు’. వ్యత్యాసాత్మక భాషాశాస్త్రంలో హైదరాబాదు విశ్వవిద్యాలయాలు దశాబ్దాలుగా చేసిన కృషి కొత్తపేట లింకుల దాకా రాలేదు. తెలుగు శాఖలు ఈ రంగాన్ని తమది కాదనుకోవడం దీనికి కొంత కారణం.

8. 2022 తర్వాత

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైంది. దిద్దేవారు లేక ఆగిన చోట యంత్రం వచ్చి కూర్చొంది. అభ్యర్థి తన రచనను అందులో పెట్టి బ్యాండ్ అడుగుతున్నాడు. ఖర్చు లేదు, వేచి ఉండనక్కర లేదు, తిట్టేవారు లేరు. యంత్రం తప్పును ఎత్తిచూపడంతో ఆగక రచన మొత్తాన్ని తిరగరాసి ఇస్తుంది. తిరగరాసిన దానిలో విద్యార్థి వాక్యం ఒక్కటీ మిగలకపోవచ్చు. తన తప్పు ఏ అలవాటు నుంచి వచ్చిందో అతనికి తెలియదు. టెంప్లేటుకు ఇది మరింత నునుపైన రూపం. మరోవైపు, క్త్వార్థకాల గొలుసు గురించి తెలుగులోనే అడిగితే జవాబు తెచ్చుకోగల అవకాశమూ మొదటిసారి దొరికింది. అడగవలసిన ప్రశ్న ఏదో తెలిసినవారికే అది ఉపయోగపడుతున్నది.

సంభాషణ విభాగంలో మాత్రం ఐఈఎల్‌టీఎస్ ఇప్పటికీ మనిషినే నియమిస్తుంది. ఎదురుగానో వీడియో తెర మీదనో పరీక్షకుడు ఉంటాడు. మొదటి ప్రశ్నలు చాలావరకు అభ్యర్థి ఊరు గురించో, ఉంటున్న ఇంటి గురించో, చదువు గురించో ఉంటాయి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టలు గదిలో నలుగురితో కలిసి ఉన్నవారికీ, లింకు ద్వారా మిర్యాలగూడ నుంచే చదివినవారికీ ఆ ప్రశ్న ఒక్కటే. దానికి సొంతమాటల్లో రెండు నిమిషాలు తడబడకుండా జవాబు చెప్పే అభ్యాసాన్ని ఉచిత తరగతుల్లో ఎవరూ చేయించడం లేదు.