నిలకడ కొలతలు: అనువాదం చేసిందెంత?

పక్షవాతం వచ్చినవారి నిలకడను కొలిచే స్కేళ్లు భాషలు దాటిన తీరు గురించి ఒక కథ స్థిరపడిపోయింది. మంచి స్కేలు పుట్టింది, అనువాదానికి పద్ధతి కుదిరింది, ఆ పద్ధతిలో చేసిన ప్రతి రూపమూ ప్రామాణికమైంది అంటారు. ఇందులో చివరి మాట తొందరపాటు తీర్పని నా అభిప్రాయం.

తొలి దశలు అందరికీ తెలిసినవే. కళ్లు మూసుకోగానే తూలిపోయే రోగుల గురించి బెర్లిన్ వైద్యుడు రోంబెర్గ్ 1840లలోనే రాశాడు. 1975లో స్వీడన్‌లో ఫుగల్-మేయర్ బృందం పక్షవాత రోగుల పరీక్షలో నిలకడకు 14 మార్కులు పెట్టింది. 1989లో కెనడా నుంచి బర్గ్ స్కేలు వచ్చింది. అందులో 14 పనులు, మొత్తం 56 మార్కులు. అది మొదట వృద్ధుల కోసం తయారైందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

వివాదమంతా ఆ తరువాతి ఇరవై ఏళ్లదే. మూలాన్ని అనువదించి, దాన్ని వేరొకరిచేత మళ్లీ మూలభాషలోకి మార్పించి, రెంటినీ పోల్చే పద్ధతిని అంతకుముందే, 1970లో బ్రిస్లిన్ ప్రచారంలోకి తెచ్చాడు. 2000లో బీటన్ బృందం దాన్ని నిపుణుల కమిటీతో, ముందస్తు పరీక్షతో విస్తరించింది. అయితే ఆ సూచనలు రోగి తానే జవాబులు చెప్పే ప్రశ్నావళుల కోసం రాసినవి. 1995లో పావెల్, మయర్స్ చేసిన 16 ప్రశ్నల ధీమా స్కేలుకు అవి అచ్చంగా సరిపోతాయి. ఎస్కలేటర్ మీద, మంచు పట్టిన కాలిబాట మీద తూలకుండా నడవగలనన్న ధీమా ఎంతుందని అడిగే ప్రశ్నలను ఊరికే అనువదిస్తే చాలదు. మంచు పడని ఊళ్లో వాటి స్థానంలో ఏం అడగాలో తేల్చాలి.

బర్గ్ సంగతి వేరు. అక్కడ చూసి మార్కులు వేసేది థెరపిస్టు. పనిని చేసి చూపించవచ్చని స్కేలు సూచనల్లోనే ఉంది. కాబట్టి భాష భారం మనం అనుకున్నంత లేదు. పూర్తిగా లేదనీ చెప్పలేం. మెదడు ఎడమవైపు దెబ్బతిని మాట అర్థంకాని రోగి, ఆదేశం అందక కదలకపోతే, అది నిలకడ లోపంగా నమోదయ్యే ప్రమాదం ఉంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల మీద ఎన్నిసార్లు సరిచూసినా ఈ చిక్కు బయటపడదు. 2004 బ్రెజిల్ రూపాన్ని 65 ఏళ్లు దాటినవారి మీద, 2008 తుర్కీ రూపాన్ని వృద్ధుల మీద పరీక్షించారు. రెండూ శ్రద్ధగా చేసిన పనులే. వాటి ఫలితాన్ని పక్షవాత రోగులకు అంటగట్టినవారిదే పొరపాటు.

నా దృష్టిలో అసలు మలుపు 2002లో తైవాన్‌లో వచ్చింది. 123 మంది పక్షవాత రోగులను 14వ రోజు నుంచి 180వ రోజు దాకా గమనించి బర్గ్‌ను, ఫుగల్-మేయర్ నిలకడ భాగాన్ని, 1999లో ఫ్రాన్స్‌లో పుట్టిన పాస్ స్కేలును పక్కపక్కన పెట్టి చూశారు. మూడూ మొత్తం మీద నమ్మదగినవే. కానీ మొదటి రెండింటిలో కొన్ని దశల్లో చాలామంది మార్కులు అట్టడుగునో పైఅంచునో పోగుపడ్డాయి, పాస్‌లో అలా జరగలేదు. పడుకుని దొర్లడం, ఆధారం లేకుండా కూర్చోవడం కూడా పాస్ కొలుస్తుంది. అందుకే మంచం దిగలేని రోగిలో వచ్చే చిన్న మెరుగూ దానికి అందుతుంది. ఏ తిరుగు అనువాదమూ చెప్పలేని విషయం ఇది.

ఇప్పటి స్థితి నాకు తృప్తినివ్వడం లేదు. ఇద్దరు థెరపిస్టుల మార్కులు కలిస్తే చాలు, స్కేలు 'సప్రమాణం' అని ప్రకటించేస్తున్నారు. అది విశ్వసనీయత మాత్రమే. ఒకే స్థాయి నిలకడ ఉన్న రెండు దేశాల రోగులకు ఒక్కో అంశంలో ఒకే మార్కు వస్తోందా అన్న పరీక్ష అరుదుగానే జరుగుతోంది. పైగా బర్గ్ పనుల్లో కుర్చీలోంచి లేవడం ఉంది, నేల మీంచి లేవడం లేదు. కింద కూర్చుని తినే, నేల మరుగుదొడ్డి వాడే మన పల్లె రోగికి రోజూ ఎదురయ్యే కష్టం ఆ 56 మార్కుల్లోకి రాదు. 45 కన్నా తగ్గితే పడిపోయే ముప్పు అన్న గీత కూడా వృద్ధుల పరిశీలనల్లోంచి వచ్చిందే. తెలుగులో ఈ స్కేళ్లను వాడే ఫిజియోథెరపిస్టులు ఆ గీతను నమ్మి రోగిని ఇంటికి పంపే ముందు, నేల మీంచి లేవగలుగుతున్నాడో లేదో కూడా చూసి కేసుషీటులో రాయాలని నా మనవి.