ఫంక్షన్

ఫంక్షన్: ఇంగ్లీషులో పని, వేడుక, గణిత ప్రమేయం అనే అర్థాలున్న మాట. దీని మూలం లాటిన్‌లోని 'ఫంగీ' అనే క్రియ. అప్పగించిన పనిని నెరవేర్చడం దాని అర్థం. పని ముగిసి మూతబడినదాన్ని చెప్పే 'డిఫంక్ట్' కూడా అక్కడి నుంచి వచ్చిందే. తీర్పు వెలువడ్డాక న్యాయమూర్తి బాధ్యత తీరిపోయిందని చెప్పడానికి కోర్టుల్లో నేటికీ వాడే 'ఫంక్టస్ అఫీషియో'లోనూ ఆ పాత అర్థం చెక్కుచెదరలేదు.

పదవిలో ఉన్నవారు లాంఛనంగా జరపాల్సిన కార్యం కాబట్టి, 17వ శతాబ్దానికే ఇది వేడుకకూ పేరైంది. 1673లో గణితవేత్త లైబ్నిజ్ ఈ మాటను గణితంలోకి తెచ్చాడు. తెలుగు పాఠ్యపుస్తకం దానికి 'ప్రమేయం' అని చక్కని పేరు పెట్టింది.

వేడుక అర్థం మాత్రం తెలుగు నోట అచ్చంగా ఇంటి మాటైపోయింది. ఓణీల ఫంక్షన్, పంచెల ఫంక్షన్, ఊరి చివర ఫంక్షన్ హాలు. "ఫంక్షన్‌కి వెళ్తున్నాం" అంటే చాలు. పట్టుచీర, చదివింపుల కవరు, బంతి భోజనం కళ్లముందు కదులుతాయి. విశేషమేమిటంటే, మన 'కార్యం' కూడా సరిగ్గా ఇదే దారిలో నడిచింది: పని అనే అర్థం నుంచి శుభకార్యం దాకా.